కరువుని కరువు అని ఎవరంటారు? బ్రౌన్ దొర నుంచి మన ఫోన్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట "కరువు". ఇది మామూలు మాట, మన ఇళ్లలో "మా ఊళ్లో మనుషులకి కరువొచ్చిందా" అని వెటకారంగా కూడా వాడేస్తాం. కానీ ప్రభుత్వం కాగితం మీద ఈ మాట రాయాలంటే చెయ్యి వణుకుతుంది. ఎందుకు వణుకుతుంది, రాయకపోతే ఎంతమంది పోయారు, రాయించింది ఎవరు అన్నదే ఇవాళ్టి కథ.

1832తో మొదలుపెడదాం. తెలుగు లెక్కలో నందన నామ సంవత్సరం. గుంటూరు వైపు వానలు పడలేదు, పంట లేదు. నందన కరువు అని ఇప్పటికీ పుస్తకాల్లో అదే పేరు. సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా పోయారని లెక్కలు చెప్తున్నాయి. ఒకసారి ఆగి ఆలోచించండి, ప్రతి ఐదుగురిలో ఇద్దరు. ఆ టైమ్‌లో అక్కడ పనిచేసిన ఈస్టిండియా కంపెనీ ఆఫీసర్లలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకరు. మనకి ఈయన నిఘంటువు బ్రౌన్‌గా, వేమన పద్యాలు వెతికి అచ్చేయించిన బ్రౌన్‌గా తెలుసు. కరువు బ్రౌన్ గురించి స్కూల్లో ఎవరూ చెప్పలేదు. పైకి పంపే రిపోర్టుల్లో "కొరత", "ఇబ్బంది" లాంటి మెత్తటి మాటలు వాడటం అప్పటి ఆనవాయితీ. బ్రౌన్ మాత్రం పట్టుబట్టి "కరువు" అనే రాశారు. పైవాళ్లకి అది నచ్చలేదు.

మా ఐటీ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నేను పనిచేసిన ఒక చోట ప్రొడక్షన్ పడిపోయిందని టాప్ సివియారిటీతో టికెట్ రెయిజ్ చేస్తే, "బగ్‌ని తర్వాత చూద్దాం, ముందు సివియారిటీ తగ్గించు" అని ఫోన్ వచ్చేది. ఎందుకంటే టాప్ సివియారిటీ అని ఉంటే గడియారం నడుస్తుంది, క్లయింట్‌కి చెప్పాలి, డబ్బు కట్టాలి. 1832లో కూడా అంతే. కొరత అంటే శిస్తు వసూలు చేసుకోవచ్చు. కరువు అంటే శిస్తు వదులుకోవాలి, గంజి కేంద్రాలు పెట్టాలి. తేడా ఏంటంటే, మా టికెట్‌లో ఎవరూ చావలేదు.

ఇప్పుడు 44 ఏళ్లు ముందుకి. 1876, ధాత నామ సంవత్సరం. రాయలసీమ వాళ్లకి ధాత కరువు అంటే చాలు. కర్నూలు, కడప, బళ్లారి నుంచి మైసూరు, బొంబాయి దాకా పాకింది. మొత్తం మీద దేశంలో 55 లక్షల నుంచి 80 లక్షల పైన చనిపోయారని వేర్వేరు అంచనాలు. ఆ కష్టకాలంలో, 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. వేల మంది అతిథులకి విందులు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. పని ఏంటంటే, ఖర్చు తగ్గించడం.

ఈ టెంపుల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఈయన కథ చాలా వింతగా ఉంటుంది. మూడేళ్ల ముందు, 1874లో బిహార్‌లో పంట పోతే ఇదే టెంపుల్ బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గట్టెక్కించాడు. మరి మెచ్చుకున్నారా? లేదు. ఇంత డబ్బు తగలేస్తావా అని ఇంగ్లండ్‌లో, ఇక్కడి అధికారుల్లో తిట్టిపోశారు. మనుషుల్ని బతికించినందుకు ఆయన కెరీర్ మీద మచ్చ పడింది. అందుకే మద్రాసు వచ్చేసరికి వేరే మనిషి అయిపోయాడు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా ఎండలో గునపం పట్టుకున్నవాడికి అది. చరిత్రలో దీనికి "టెంపుల్ కూలీ" అని పేరే పడిపోయింది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టర్, ఈ తిండితో మనిషి పనిచేయడం కాదు బతకడమే కష్టం, కనీసం పౌనున్నర ధాన్యం, పప్పు, కూరలు కావాలి అని పోట్లాడాడు. కొన్ని వారాల తర్వాత కొంచెం పెంచారు. ఆ వారాల్లో పోయినవాళ్లు పోయారు.

పత్రికలు అప్పుడు లేవా అంటే, ఉన్నాయి. మద్రాస్ టైమ్స్ ఎడిటర్ విలియం డిగ్బీ కరువు గురించి రాస్తూనే, సహాయ కమిటీకి సెక్రటరీగా కూడా పనిచేశాడు, తర్వాత రెండు పెద్ద సంపుటాలు రాశాడు. మద్రాసు నుంచి వెళ్లిన విజ్ఞప్తి మీద లండన్‌లో చందాలు పోగయ్యాయి. ఇలా బహిరంగంగా అడుక్కోవడం లిట్టన్‌కి అస్సలు ఇష్టం లేదు. 1878 మార్చిలో ఆయన ఏం చేశాడో తెలుసా? వెర్నాక్యులర్ ప్రెస్ యాక్ట్ తెచ్చాడు. పోటీ పరీక్షలకి ప్రిపేర్ అయినవాళ్లు బట్టీ పట్టే ఉంటారు. ఈ చట్టం భారతీయ భాషల్లో వచ్చే పత్రికలకే, ఇంగ్లిష్ పత్రికలకి వర్తించదు. కలకత్తాలో అమృత బజార్ పత్రిక రాత్రికి రాత్రి ఇంగ్లిష్‌లోకి మారిపోయింది దీన్ని తప్పించుకోవడానికే. తర్వాత వచ్చిన రిప్పన్ దీన్ని రద్దు చేశాడు. కానీ ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి: దొర భయపడింది దేశభాషల పత్రికలకి. దీనికి డేటా దొరకడానికి ఇంకో 120 ఏళ్లు పట్టింది, దాని దగ్గరికి వస్తాను.

ధాత కరువు తర్వాత 1878లో కమిషన్ వేశారు, 1883 నాటికి ఫేమిన్ కోడ్ ముసాయిదా వచ్చింది. నా భాషలో చెప్పాలంటే ఇది ఒక రన్‌బుక్. ఈ గుర్తులు కనిపిస్తే కరువు ప్రకటించు, పనులు మొదలుపెట్టు, పని చేయలేని వాళ్లకి ఊరికే తిండి పెట్టు. మంచి డాక్యుమెంట్ అనే చెప్పాలి. ఒక్కటే చిక్కు. ముందు ఎవరో ఒకరు "కరువు" అనే మాట అనాలి. అనకపోతే రన్‌బుక్ ఓపెన్ అవ్వదు.

1943లో బెంగాల్‌లో సరిగ్గా అదే జరిగింది. సుమారు 30 లక్షల మంది పోయారు, కానీ ప్రభుత్వం ఫేమిన్ కోడ్ కింద కరువుని ప్రకటించనే లేదు. ప్రకటిస్తే కోడ్ ప్రకారం తిండి పెట్టాలి, ఆ ధాన్యం మన దగ్గర లేదు కాబట్టి ప్రకటించలేదు అని గవర్నరే వైస్రాయ్‌కి రాశాడు. యుద్ధం టైమ్, పత్రికల మీద సెన్సార్. కలకత్తా ఫుట్‌పాత్‌ల మీద శవాలు, ఢిల్లీ కాగితాల్లో కొరత.

స్టేట్స్‌మన్ అప్పట్లో బ్రిటిష్ వాళ్ల పత్రిక. ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్. సెన్సార్ రూల్స్ చూస్తే ఫొటోల గురించి ఏమీ లేదని ఆయన గమనించాడు. 1943 ఆగస్టు 22, ఆదివారం. ఆకలితో చిక్కి చచ్చిపోతున్న ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు పేపర్లో వేసేశాడు. వచ్చే ఆదివారం మళ్లీ వేశాడు. ఢిల్లీలో, లండన్‌లో కూర్చున్నవాళ్లకి ఇక "కొరత" అనడానికి నోరు లేకుండా పోయింది. అక్టోబర్‌లో కొత్త వైస్రాయ్ వేవెల్ వచ్చాడు, పదవి చేపట్టిన కొద్ది రోజులకే కలకత్తా వెళ్లి సైన్యాన్ని సహాయానికి దింపాడు. ముందున్న లిన్‌లిత్‌గో కరువు మొదలయ్యాక బెంగాల్ మొహమే చూడలేదు. ఒక్క ఫొటోతో అంతా మారిపోయిందని నేను అనను, వేవెల్ మనిషే వేరు. కానీ ఆ ఫొటోలు లేకపోతే ఇంకెన్ని నెలలు పట్టేదో.

అప్పుడు శాంతినికేతన్‌లో ఒక తొమ్మిదేళ్ల పిల్లాడు ఆకలితో వచ్చే జనాన్ని చూశాడు. అమర్త్య సేన్. 1981లో ఆయన పుస్తకం రాసి, 1943లో బెంగాల్‌లో తిండి అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ, 1941 కంటే ఎక్కువే ఉందని లెక్క చూపించారు. బియ్యం ధర పెరిగింది, కూలివాడి కూలి పెరగలేదు, అందుకే పోయారు అన్నారు. ఈ లెక్క మీద గొడవ ఉంది. పంట తెగులు వల్ల నష్టం ఇంకా పెద్దది, ప్రభుత్వ అంకెల్ని నమ్మలేం అని కొందరు చరిత్రకారులు వాదించారు. నాకు ఆ వాదనలో కూడా బలం ఉందనిపిస్తుంది. కానీ సేన్ రెండో మాట ఎక్కువ కాలం నిలబడింది: ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న దేశంలో పెద్ద కరువు రాదు. పక్కనే చైనాలో 1959 నుంచి 61 దాకా కోట్ల మంది పోయారు, ఒక్క పత్రిక రాయలేదు, స్థానిక అధికారులు పంట బాగా పండిందని పైకి తప్పుడు లెక్కలు పంపుతూ పోయారు. మన దగ్గర 1967 ఫిబ్రవరి ఎన్నికల్లో బిహార్‌లో కాంగ్రెస్ ఓడిపోయింది, ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ మాట అననే అనేసింది: కరువు.

సరే, ఇదంతా కథలు, ఉదాహరణలు. డేటా ఏదీ అంటారా? 2002లో టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 దాకా మన 16 పెద్ద రాష్ట్రాల లెక్కలు తీశారు. పంట పడిపోయినప్పుడు ప్రభుత్వం రేషన్ ఎంత పెంచింది, వరదొస్తే సహాయానికి ఎంత ఖర్చు పెట్టింది, అక్కడ పత్రికల సర్క్యులేషన్ ఎంత. పత్రికలు మధ్యస్థంగా చదివే రాష్ట్రంలో పంట 10 శాతం పడితే రేషన్ సుమారు 1 శాతం పెరిగింది. బాగా చదివే రాష్ట్రంలో 2 శాతం పైన పెరిగింది. రెట్టింపు దాటింది అన్నమాట. కోరిలేషన్ చూపించి కారణం అంటావా అని కామెంట్ పెట్టేవాళ్ల కోసం: పత్రికలు ఎవరి యాజమాన్యంలో ఉన్నాయనే లెక్కతో కూడా వాళ్లు క్రాస్‌చెక్ చేశారు. ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లిష్, హిందీ పత్రికల సర్క్యులేషన్‌తో ఈ తేడా రాలేదు. తేడా తెచ్చింది స్థానిక భాషల పత్రికలు. అంటే లిట్టన్ దొర 1878లో ఎవరికి భయపడ్డాడో, సరిగ్గా వాళ్లే.

దీంట్లో ఆశ్చర్యం ఏముంది? అనంతపురంలో బోరు ఎండిపోతే ఢిల్లీ ఇంగ్లిష్ పేపర్‌కి అది నాలుగు లైన్ల వార్త. మన జిల్లా పేజీలో అదే హెడ్డింగ్, ఎమ్మార్వో పేరుతో సహా. చదివేవాడు ఓటేసేవాడు కూడా.

కానీ మీడియాకి కూడా ఒక జబ్బు ఉంది. 2007లో ఐసెన్సీ, స్ట్రోమ్‌బర్గ్ అనే ఇద్దరు, 1968 నుంచి 2002 దాకా ప్రపంచంలో జరిగిన 5000 దాకా విపత్తులు తీసుకుని, అమెరికా ప్రభుత్వం దేనికి సాయం చేసింది అని చూశారు. ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు విపత్తు వస్తే టీవీలో చోటు లేదు, సాయం తగ్గింది. మామూలు రోజుల్లో దొరికే సాయం దొరకాలంటే మూడు రెట్లు ఎక్కువమంది చావాలి. ఇంకో లెక్క ఇంకా దారుణం: అగ్నిపర్వతం పేలి ఒక్కరు చనిపోతే వచ్చే కవరేజీ రావాలంటే, తిండి లేక సుమారు 38,000 మంది చావాలి. పేలేదానికి వీడియో ఉంటుంది. ఆకలికి ఏం వీడియో ఉంటుంది?

జ్యాఁ ద్రెజ్, సేన్ కలిసి 1989లోనే ఈ బాధ చెప్పారు. భారత్ కరువుల్ని ఆపింది, కానీ చైనాతో పోలిస్తే మన మామూలు మరణాల రేటు ఎంత ఎక్కువంటే, చైనా కరువులో పోయినంత మంది మన దగ్గర ప్రతి ఎనిమిదేళ్లకి అదనంగా, చప్పుడు లేకుండా పోతున్నారని. కరువు కాదు కాబట్టి హెడ్డింగ్ లేదు. రోజూ ఉండేది వార్త ఎలా అవుతుంది?

ఇప్పటి అంకెలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో 31.2, తెలంగాణలో 33.1. బిర్యానీ వీడియోలకి కోట్ల వ్యూస్ ఉన్న రాష్ట్రాలివి. ఈ అంకెలు వచ్చిన రోజు ఏ ఛానెల్లో డిబేట్ చూశారో మీరే చెప్పండి. నా ఛానెల్ కూడా ఇదే మార్కెట్‌లో ఉంది. థంబ్‌నెయిల్ మీద "రక్తహీనత" అని రాస్తే ఎంతమంది నొక్కుతారో డాష్‌బోర్డు చూసే నాకు బాగా తెలుసు. 1943లో స్టీఫెన్స్‌కి సెన్సార్ ఆఫీసర్ అడ్డు, అతను ఒక మనిషి, అతని రూల్‌బుక్‌లో సందు దొరికింది. ఫీడ్‌కి రూల్‌బుక్ ఎక్కడుంది?

రాయలసీమ వాళ్లకి ఒక రిక్వెస్ట్. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ధాత కరువు గురించి చెప్పిన కథలు, పాడిన పాటలు ఏవైనా గుర్తుంటే ఊరి పేరుతో సహా కామెంట్‌లో రాయండి. అన్నీ చదివి వాటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి.