ముంచే చేయి, వంచే చేయి: నల్గొండ మెట్ట వంటిళ్లలో వేడి పానీయాల చరిత్ర

కృష్ణా, మూసీ నదుల నడిమి నల్గొండ మెట్టలోనూ, దానికి పడమటగా ఆనుకొని ఉన్న పాలమూరు పీఠభూమిలోనూ వేడి ద్రవాన్ని ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి చేర్చే పని చాలాకాలం వంచడం మీద కాక ముంచడం మీద నడిచింది. జొన్న ప్రధానాహారంగా ఉన్న ఇళ్లలో గటక, అంటే జొన్న రవ్వను నీళ్లలో ఉడికించి చేసే చిక్కటి ఆహారం, పొయ్యి మీది కుండలోనే ఉండగా గంటెతో తోడి వడ్డించేవారు; పులియబెట్టిన పిండితో కాచే అంబలిని కూడా చల్లారనిచ్చి ముంతతో ముంచి పోసేవారు. కుండ బరువు పొయ్యి మీదో, కుదురు మీదో, అంటే గుండ్రటి అడుగు గల పాత్ర దొర్లకుండా నిలబెట్టే చుట్ట మీదో ఉండేది కాబట్టి, ఒక్కోసారి గంటెలో పట్టినంత మాత్రమే చేతి మీద పడేది.

ఈ తేడా వృద్ధుల విషయంలో చిన్నది కాదు. నిండు పాత్రను ఎత్తి వంచాలంటే వేళ్లు బిగించి పట్టాలి, ముంజేయి తిరగాలి, మోచేయి మడతపడాలి, భుజం కొంత పైకి లేవాలి, పైగా ద్రవం తగ్గుతున్నకొద్దీ మారే బరువుకు తగినట్టు వంపును క్షణక్షణం సరిదిద్దుకోవాలి. వయసుతో పట్టు తగ్గిన చేతికి, వణికే చేతికి ఈ పనులలో ఏ ఒక్కటి తప్పినా వేడి ద్రవం ఒంటి మీదికి వస్తుంది. గంటె వాడకంలో ఈ చిక్కు చాలావరకు లేదు. తొణికినా తొణికేది గుక్కెడు మాత్రమే. నేడు పాశ్చాత్య దేశాలలో వృద్ధుల వంటింటి ఉపకరణాలుగా అమ్ముడయ్యే వస్తువులలో చాలావాటి వెనుక ఉన్న సూత్రం కూడా ఇంతే: బరువును చేతి మీది నుంచి తప్పించి నేలకో, బల్లకో అప్పగించడం.

వంచి పోయడానికే ఉద్దేశించిన పాత్రలు ఈ నేలకు తెలియనివి కావు. 1954, 1960ల మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్విన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలపు కొమ్ము పాత్రలు, అంటే పక్కన గొట్టం వంటి మూతి గల మట్టి పాత్రలు దొరికాయి. తరువాతి కాలపు లోహపు కొమ్ముచెంబు పూజలకూ పెళ్లిళ్లకూ పరిమితమై నిలిచింది. రోజువారీ వాడకంలో మిగిలింది ఉగ్గుగిన్నె: ఒక పక్క ముక్కులా సాగిన అంచుతో, పసిపిల్లల నోట్లో ద్రవాన్ని సన్నగా జారవిడవడానికి వీలుగా చేసిన చిన్న గిన్నె అది. మంచం పట్టిన వారికి గంజి పట్టడానికి ఐరోపా ఆసుపత్రులలో వాడిన మూతిగిన్నెలతో దీనికి ఆకారంలోనే కాక ఉద్దేశంలోనూ పోలిక ఉంది.

ముంచడం నుంచి వంచడానికి మెట్ట వంటిల్లు మళ్లడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది బియ్యం. మాగాణి లేని ఈ ఊళ్లలో వరి అన్నం చాలాకాలం పండుగనాటి భోజనంగానే ఉండగా, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చిన తరువాత అది నిత్యభోజనమైంది. అన్నంతో పాటే గంజి వార్చే పనీ నిత్యమైంది: ఉడుకుతున్న నీళ్లతో నిండిన గిన్నెను మూతతో అదిమిపట్టి వంచి, నీటిని వేరు చేయాలి. ఈ ప్రమాదకరమైన పనికి గృహిణులు కనిపెట్టిన ఉపాయం గమనించదగ్గది. గిన్నెను పొయ్యి మీది నుంచి దించి, మూతపెట్టి, కింది పాత్ర అంచుకు ఆనించి వాల్చి వదిలేస్తే గంజి తనంతట తానే కారిపోతుంది, చేయి పట్టుకొని ఉండవలసిన అవసరం లేదు. బ్రిటన్‌లో కీళ్లనొప్పులున్నవారికి అమ్మే కెటిల్ వంచే చట్రం, అంటే కెటిల్‌ను ఎత్తకుండా ఇరుసు మీద ముందుకు వాల్చే తీగల చట్రం, చేసే పనికీ దీనికీ సూత్రంలో భేదం లేదు. అయితే గిన్నెను పొయ్యి మీది నుంచి దించి వాల్చే ఆ తొలి క్షణంలో మాత్రం బరువంతా చేతుల మీదే ఉంటుంది.

రెండో కారణం చాయ్. 1903లో తేయాకు ఎగుమతులపై విధించిన సుంకంతో మొదలై 1930లలో ఊరూరా సాగిన ప్రచారం వల్ల దేశంలో తేనీటి అలవాటు పెరిగింది. హైదరాబాదు ఇరానీ హోటళ్ల నుంచి అది జిల్లా కేంద్రాలకూ, బస్టాండులకూ, ఆపై పల్లె ఇళ్లకూ చేరింది. అంబలి చల్లారాక తాగేది. చాయ్ మరుగుతుండగానే దించి, జాలితో వడగట్టి, వేడివేడిగా ఇరుకు మూతి గ్లాసులోకి పోయవలసినది. వంచడానికి ఇంతకంటే కష్టమైన పానీయం మెట్ట వంటింట్లో అంతకు ముందు లేదనవచ్చు. పాత్రలూ అప్పుడే మారాయి. 1898లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాక ఆ తేలిక లోహం క్రమంగా పేదల ఇళ్లలోకి వచ్చింది. పలుచటి గిన్నె అంచు క్షణంలో వేడెక్కుతుంది, పిడి ఉండదు. అందుకే పట్కారు తప్పనిసరైంది. పట్కారు యౌవనంలో ఉన్నవారి చేతికి సరిపోయే పనిముట్టు: గిన్నె బరువంతా అంచున ఒకే చోట వేలాడుతూ మెలితిరగాలని చూస్తుంది, దాన్ని వేళ్ల బిగువు ఒక్కటే ఆపాలి. రెండు మసిగుడ్డలతో రెండు పక్కలా పట్టుకొనే పాత పద్ధతి చూడటానికి మోటుగా ఉన్నా, బరువును రెండు చేతులకూ సమంగా పంచుతుంది కాబట్టి ముసలి చేతులకు అదే మేలు.

చరిత్ర ఇక్కడితో ఆగి ఉంటే నల్గొండ కథ ఏ మెట్ట జిల్లా కథకూ భిన్నంగా ఉండేది కాదు. దీన్ని వేరు చేసింది నీరు. ఈ ప్రాంతపు పురాతన గ్రానైటు శిలలలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో శిలల పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలోకి ఆ ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండాలనీ, వేరే ఆధారం లేనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతుండగా, ఈ ఊళ్ల బావులలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఎముకల ఫ్లోరోసిస్ అనే వ్యాధిని మన దేశంలో మొదట వర్ణించింది 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు, నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి. నల్గొండ జిల్లా స్థితిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ఈ వ్యాధిలో ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకోవడమే కాక, ఎముకలను కలిపే స్నాయువులు, కండర బంధనాలు సైతం సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, మోచేతులు పూర్తిగా చాపడానికి గానీ మడవడానికి గానీ రావు. ముదిరిన వారిలో ఒళ్లు ముందుకు వంగిపోయి, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లూ చేతులూ పట్టు తప్పుతాయి.

అంటే వంచి పోయడానికి ఏ కీళ్ల కదలిక కావాలో సరిగ్గా ఆ కదలికనే ఈ నీరు హరించింది. నగరంలో డెబ్బై, ఎనభై ఏళ్లకు వచ్చే ఇబ్బంది మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్లలో నడివయసులోనే వచ్చింది. పొయ్యి నేల మీద ఉన్న కాలంలో కష్టం మరింత: గొంతుక్కూర్చోలేని మనిషి, వెన్ను వంగని మనిషి మరుగుతున్న గిన్నెను ఎలా దించాలి? ఇళ్లలో దీనికి దొరికిన సమాధానం ఎక్కువగా ఉపకరణం కాదు, మరో మనిషి: కోడలో, మనవరాలో పోసి చేతికందించాలి. పాలమూరు, నల్గొండల నుంచి పనికి వయసులో ఉన్నవారు బొంబాయికీ హైదరాబాదుకూ వలసపోయి, ఇంట ముసలివారే మిగిలినప్పుడు ఆ సమాధానమూ ఉండేది కాదు.

పానీయాలకూ వ్యాధికీ మరో సంబంధం ఉంది, అది సామాన్యంగా తలకిందులుగా అర్థమైంది. నీళ్లు కాచి తాగితే దోషం పోతుందన్న నమ్మకం క్రిముల విషయంలో నిజం. కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు కాబట్టి, నీరు మరిగి తగ్గినకొద్దీ మిగిలిన దానిలో దాని సాంద్రత పెరుగుతుంది. తేయాకు మొక్క స్వభావతః ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టేది గనుక, అటువంటి నీటితో కాచిన చాయ్ ఆ భారాన్ని ఇంకొంత పెంచుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో చేసిన పరిశోధనలలో, వరి కంటే జొన్న తిన్నప్పుడు శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని తేలింది. కాబట్టి చేతికి సులువైన గటక ఎముకకు అంత మేలు చేయలేదు. చేతికి కష్టమైన వరి ఎముకకు కొంత నయం. అదే సంస్థవారు 2002లో ప్రకటించిన మరో అధ్యయనంలో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్టు కనిపించడం, రోజూ చారు కాచుకొనే ఇళ్లకు ఆసక్తి కలిగించే విషయమే.

నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి, ఈ జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మొదట వేగంగానూ తరువాత మెల్లగానూ తిప్పి, మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకొన్న ఆ మడ్డి కదిలితే శ్రమంతా వృథా. కాబట్టి ఇంటి వాడకానికి సూచించిన బకెట్‌కు అడుగుకు కాస్త పైన నల్లా బిగించారు. రసాయన అవసరం కోసం పెట్టిన ఈ నల్లా, వంచలేని వారికి అనుకోకుండా దొరికిన సాయం. తూములాంటి ఈ ఏర్పాటు హోటళ్ల రాగి, ఇత్తడి బాయిలర్లలోనూ, స్నానపు నీళ్లు కాచే బంబాలలోనూ ఎప్పటినుంచో ఉన్నదే; దాన్ని తాగే పాత్రకు తేవడమే కొత్త. పటిక కొలత ఊరి నీటినిబట్టి మారడం, రోజూ మడ్డి పారబోయవలసి రావడం వల్ల ఇళ్లలో ఈ పద్ధతి నిలదొక్కుకోలేదు. నల్లా ఉన్న పాత్ర మాత్రం మిగిలింది.

నీటి కోసం జిల్లా చేసిన పోరాటం చరిత్రకెక్కింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారగా, మెట్ట ఊళ్లు బోరునీటి మీదే బతికాయి. జలసాధన సమితి ఉద్యమంలో భాగంగా 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేయగా, ఓటు పత్రం పుస్తకమంత అయి, ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది. ఆ తరువాతి దశలో శుద్ధి కేంద్రాల నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. నీరు మంచిదే, కానీ లీటరు నీరు కిలో బరువు కనుక క్యాను ఇరవై కిలోలు దాటుతుంది. ఎముకలను కాపాడవలసిన నీరు ఎముకలు పాడైనవారు ఎత్తలేని రూపంలో ఇంటికి చేరింది. క్యానును వాల్చి ఉంచే ఇనుప స్టాండు, మూతి దగ్గర బిగించే నల్లా అందువల్లనే అంత వేగంగా వాడకంలోకి వచ్చాయి.

పొయ్యి ఎత్తు పెరగడం మరో మలుపు. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళలకు దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇవ్వసాగాక వంట నేల నుంచి గట్టు మీదికి లేచింది. కూర్చోలేని వారికి ఇది గొప్ప ఉపశమనం. అయితే ముందుకు వంగిపోయిన మనిషికి అదే గట్టు ఛాతీ ఎత్తున ఉంటుంది, గిన్నె తొణికితే పడేది పాదాల మీద కాదు, రొమ్ము మీద. ఉపకరణాల ఎంపికలో ఈ తేడాను పట్టించుకోకపోతే, మామూలు నడుముకు కొలిచి చేసిన సాధనం ఇక్కడ అపాయమే అవుతుంది. పోసే చోటు పొయ్యి కంటే తక్కువ ఎత్తులో, మోచేతికి సమంగా, తడిగుడ్డ పరిచిన బల్ల మీద ఉండటం ఏ కొత్త వస్తువు కొనడం కంటే ముందు చూడవలసిన విషయం.

వస్తువుల విషయానికి వస్తే, అంగడిలో దొరికేవన్నీ సమానం కావు. పైన మీట నొక్కితే పోసే ఫ్లాస్కు ఎత్తే పని తప్పిస్తుంది గానీ, వేళ్లు బిగిసిన వారికి ఆ మీట బరువే. అరచేతితో నొక్కగలిగినంత వెడల్పు ఉందో లేదో కొనేముందు చూడాలి. నల్లా ఉన్న స్టీలు పాత్ర వేడినీళ్లకూ డికాషన్‌కూ బాగుంటుంది, పాలు కలిపి మరిగించిన చాయ్‌కి మాత్రం మీగడ, పొడి అడ్డుపడి నల్లా మూసుకుపోతుంది. విద్యుత్ కెటిల్ ఒక్క కప్పుకు సరిపడా మాత్రమే కాచేదైతేనే ఈ చేతులకు పనికివస్తుంది. లీటరున్నర కెటిల్ నిండితే రెండు కిలోలు దాటవచ్చు. ఇవేవీ లేని ఇంట్లో, పొయ్యి కట్టేసి, గిన్నెను కదపకుండా, పిడి పొడవైన లోతు గంటెతో చాయ్‌ని జాలిలోంచి గ్లాసులోకి తోడుకోవడం నేటికీ పనికివచ్చే పద్ధతే. స్టీలు గ్లాసును సగమే నింపడం, దానికి బదులు రెండు చేతులా పట్టుకోగల పిడి ఉన్న వెడల్పు కప్పు వాడటం, సాసర్లో పోసుకొని చల్లార్చుకోవడం కూడా ఆ కోవలోవే. సాసరు అలవాటు మోటుతనమని పట్టణ మర్యాద చిన్నచూపు చూసినా, వణికే చేతి నుంచి మాటిమాటికీ కప్పెత్తే పనిని అది తగ్గిస్తుంది.

2015 జూన్‌లో చౌటుప్పల్ వద్ద పైలాన్ ఆవిష్కరణతో మొదలైన మిషన్ భగీరథ నదీజలాన్ని ఇంటి నల్లాలోకి తెచ్చింది. కొత్త తరం పిల్లలలో ఆ మార్పు తెలుస్తుంది. సున్నం పట్టిన స్నాయువులు మాత్రం నీరు మారినంత మాత్రాన తిరిగి మెత్తబడవు కాబట్టి, బోరునీళ్లతో పెరిగినవారు ఉన్నంతకాలం ఈ జిల్లా వంటిళ్లలో వంచకుండా పోసే సాధనాల అవసరం మిగతా చోట్ల కంటే ఎక్కువగానే ఉంటుంది.