మంగళవారం షాపు తెరిచిన అన్న

ఈ రోజు ఎపిసోడ్ మా హనుమకొండ నుంచే. వేయి స్తంభాల గుడికి మీలో చాలామంది వచ్చే ఉంటారు. నంది దగ్గర ఒక సెల్ఫీ, స్తంభాల మధ్య ఒక రీల్, తర్వాత బయట మిర్చి బజ్జీ. బీటెక్ అయ్యేదాకా నాదీ అదే కథ. కానీ ఆ గుడికి ఒక శాసనం ఉంది. 1163 నాటిది. కాకతీయ రుద్రదేవుడు శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి కట్టించిన గుడి కదా, ఆ సంగతి అందులో ఉంది. రాజు గెలిచిన యుద్ధాల పొగడ్తలు బోలెడు ఉన్నాయి. అయితే శాసనం అసలు పని పొగడటం కాదు. ఎవరు, ఎవరికి, ఏం ఇచ్చారో రాసిపెట్టడం.

ఇంకా క్లియర్‌గా కావాలంటే 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. గుంటూరు వైపు దొరికింది. గణపతిదేవుడు మందడం ఊరిని, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చారు. అవును, ఇప్పుడు ఏపీ సచివాలయం ఉన్న వెలగపూడే. ఆ ఊళ్ల ఆదాయంతో ఏమేం నడవాలో అందులో లెక్క ఉంది. గుడి, మఠం, చదువు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల. అక్కడ పనిచేసే వైద్యుడు, వంటవాళ్లు, లెక్కలు రాసేవాళ్ల దాకా ఉంది. "గొప్ప దాతలు" అని ఒక్క ముక్కతో వదిలేయలేదన్నమాట.

దీనికీ ఆటిజానికీ ఏం సంబంధం అంటారా? ఒక కటింగ్ షాపు కథ చెప్తా.

మా అక్క కొడుకుకి తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం ఉంది. ఇది మందు వేస్తే తగ్గే జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరే కొంచెం వేరు. మావాడికి మాటలు తక్కువ, చప్పుళ్లు మాత్రం అస్సలు పడవు. కటింగ్ మిషన్ ఆన్ చేస్తే చెవులు మూసుకుని కింద పడి ఏడుస్తాడు. ఒక షాపులో అయితే "ఇంకోసారి తీస్కరాకుండ్రి, గిరాకీ పోతది" అన్నారు. ఆ తర్వాత ఏడాది పాటు, వాడు నిద్రపోయాక అక్కే కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరించేది. మెల్లగా పెళ్లిళ్లకి రావడం కూడా మానేసింది. "మీరు పోయి రాండ్రి" అనేది. అంతే.

కిషన్‌పురలో రెండు కుర్చీల చిన్న షాపు ఒకటి ఉంది. నేను అక్కడే కటింగ్ చేయించుకుంటా. ఒకరోజు మాటల్లో ఈ సంగతి చెప్పా. ఆ అన్న మిషన్ ఆపి, "మంగళవారం తీస్కరా తమ్మీ" అన్నాడు. "మంగళవారం షాపు బంద్ కదన్నా?" అన్నా. "బంద్ ఉంటది గనుకనే తీస్కరమ్మంటున్న" అన్నాడు.

మొదటి మంగళవారం కటింగే లేదు. టీవీ బంద్, సగం షట్టర్ కిందికి. పిల్లగాడు కుర్చీలో గుండ్రంగా తిరిగి ఇంటికి వచ్చేశాడు. రెండో వారం దువ్వెన. మూడో వారం ఖాళీ కత్తెర చప్పుడు, దూరం నుంచి. నాలుగో వారం కటింగ్ అయింది. మిషన్ లేకుండా, మెడకి గుడ్డ కట్టకుండా. ఎంత ఇవ్వాలి అంటే, "అందరి లెక్కనే" అన్నాడు. అక్క ఇంటికొచ్చి వంటింట్లో ఒక్కతే ఏడ్చింది. తర్వాతి నెలలో మా చుట్టాల పెళ్లికి వాణ్ని తీసుకుని వచ్చింది.

దీని పక్కన ఇంకో సీన్ పెడతా. ఒక ఏప్రిల్ 2 ప్రోగ్రాంకి వెళ్లా. వరల్డ్ ఆటిజం అవేర్‌నెస్ డే. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానం చేస్తే, 2008 నుంచి జరుపుతున్నారు. స్టేజీ మీద వరసగా శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ నిండా స్పాన్సర్ల పేర్లు. ముందు వరసలో పిల్లలు, స్పీకర్ మోతకి చెవులు మూసుకుని. అక్కడ సన్మానం జరిగింది ఎవరికి? ఏం చేసినందుకు? ఒక్కరి గురించి కూడా ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

గుర్తింపు అనేది చిన్న విషయం కాదు ఫ్రెండ్స్. ఆటిజం చరిత్రంతా గుర్తింపు కోసం పోరాటమే. 1943లో లియో కానర్ అనే డాక్టర్ అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాశాడు. తర్వాత చాలా ఏళ్లు తప్పంతా తల్లుల మీద వేశారు, ప్రేమ చూపించకపోవడం వల్లే ఇలా అవుతుందని. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని పుస్తకమే రాశాడు. ఆయన సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి కూడా.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం లేదు! 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంతో ఆ పేరు చట్టంలోకి వచ్చింది. 2016 చట్టం వైకల్యాలని 21కి పెంచి, అందులో ఆటిజాన్ని చేర్చింది. మనం గర్వపడాల్సిన విషయం ఇంకోటి ఉంది. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి దేశమంతా వాడే స్కేల్, ఐసా, తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. అప్పట్లో ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. 40 అంశాలు, 2009 ఏప్రిల్ 2న విడుదల. "పిల్లగాడు మొండి" అనే మాట పోయి, చేతికి ఒక సర్టిఫికెట్ రావడం వెనక ఇంత కథ ఉంది.

మరి వ్యాపారాలు? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు విన్న కథ ఒకటి. డెన్మార్క్‌లో థోర్కిల్ సోన్ అనే ఐటీ ఉద్యోగి కొడుక్కి ఆటిజం. 2004లో ఆయన స్పెషలిస్టెర్నే అని కంపెనీ పెట్టి, ఆటిజం ఉన్నవాళ్లకి టెస్టింగ్ ఉద్యోగాలు ఇచ్చాడు. 2013లో ఎస్ఏపీ వాళ్లతో చేతులు కలిపింది. ఎస్ఏపీ అంతకుముందే బెంగళూరులో ఆటిజం ఉన్న కొందరిని టెస్టర్లుగా తీసుకుని చూసింది. ఇది జాలి కాదు. మామూలు ఇంటర్వ్యూలో ఫెయిలయ్యేవాళ్లు పనిలో ఫెయిలవ్వరని తెలుసుకుని, ఇంటర్వ్యూ తీరునే మార్చారు. మన షాపు అన్న చేసింది కూడా అదే. పిల్లగాణ్ని మార్చలేదు, తన మంగళవారాన్ని మార్చుకున్నాడు.

మన 2016 చట్టంలో కూడా 35వ సెక్షన్ ఉంది. తమ ఉద్యోగుల్లో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా చూసే ప్రైవేటు యజమానులకి ప్రోత్సాహకాలు ఇవ్వాలని. మంచిదే. కానీ రెండు కుర్చీల షాపు ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? బస్సులో సీటిచ్చి ఊరుకోబెట్టే కండక్టర్, పిల్లగాడు అరిచినా "పర్లేదమ్మా, కూర్చోండి" అనే టిఫిన్ సెంటర్ వాళ్లు, భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు జీతంతో నేర్పించే టీచర్లు? ఇట్లాంటి పేర్లు తల్లుల ఫోన్లలో, ఒకరి నోటి నుంచి ఒకరికి తిరుగుతున్నాయి. ఎక్కడా రాసి ఉండవు. ఆ తల్లి ఊరు మారితే, ఆ సమాచారం కూడా ఊరు దాటిపోతుంది.

అందుకే నేను ఒక పని మొదలుపెట్టా. మన ఊళ్లో ఆటిజం ఉన్న పిల్లలకి తోడైన షాపులు, మనుషుల లిస్టు రాస్తున్నా. రూల్స్ మూడే. ఏం చేశారో ఉండాలి: "మంచివాళ్లు" అంటే కుదరదు, "మ్యూజిక్ ఆపుతారు, ఫలానా టైంలో రద్దీ ఉండదు" అని రాయాలి. ఆ పిల్లగాడి ఇంటివాళ్లు అవునని చెప్పాలి. పిల్లల ఫొటోలు పెట్టొద్దు. "ఆటిజం పూర్తిగా తగ్గిస్తాం" అని అమ్మేవాళ్లకి ఇందులో చోటు లేదు.

మొదటి ఎంట్రీ కోసం షాపు అన్న దగ్గరికి వెళ్లి, "పేరు రాస్తా అన్నా" అన్నా. ఆయన నవ్వి, "పేరు ఎందుకు తమ్మీ, మంగళవారం వస్తే చేస్తనని రాయి, చాలు" అన్నాడు.

అట్లనే రాశా. మీ ఊళ్లో కూడా ఇట్లాంటి మంగళవారం ఒకటి ఉండే ఉంటది. దాన్ని రాసిపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.