అలబామాకి ఒక ఉత్తరం

లాంగ్‌స్టన్ హ్యూస్‌ని చాలాకాలం హార్లెమ్ కవిగానే చదివాను. 1937లో ఆయన ఒక నల్లజాతి పత్రిక విలేకరిగా స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్లాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఫాసిస్టుల్ని ఎదిరిస్తున్న రిపబ్లిక్ పక్షమే ఆయనదీ. చిక్కేమిటంటే, ఫ్రాంకో తన తరఫున పోరాడ్డానికి మొరాకో నుంచి వేలమందిని దింపాడు. వాళ్లని రాక్షసుల్లా చూపించిన పోస్టర్లేమో రిపబ్లిక్ వాళ్లవి! మనవాళ్ల బొమ్మలే కదా అని హ్యూస్ ఊరుకోలేదు. అలబామాకి రాసిన ఉత్తరంలా సాగే ఆయన కవితలో ఓ నల్ల సైనికుడు గాయపడ్డ మొరాకో బందీని చూస్తాడు. తన రంగే. స్పెయిన్ గెలిస్తే వలసలకీ విముక్తేనని నమ్ముతాడు పాపం. నిజానికి రిపబ్లిక్ మొరాకోకి స్వాతంత్ర్యం ఇవ్వనేలేదు. నాకు గుర్తుండేది మాత్రం చివరి దృశ్యమే: పక్కన కూచుని బందీ చెయ్యి పట్టుకుంటాడు. ప్రాణం పోతున్న అతనికి అదేమీ అర్థం కాదు.