ఆయిల్ ఫీల్డ్‌లో "కంప్యూటర్" అంటే ఒక మనిషి

"అన్నా, సీఎస్ఈ చదివాను. ఆయిల్ అండ్ గ్యాస్‌లో మనకేం పని ఉంటుంది? అది మెకానికల్, పెట్రోలియం వాళ్ళది కదా" అని చాలామంది అడుగుతుంటారు. కోర్సుల లిస్టు ఒకటి చదివేసి వెళ్ళిపోవచ్చు. కానీ ఈ ఉద్యోగాలకి వందేళ్ళ కథ ఉంది. అది వింటే వెళ్ళాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

డిజిటల్ ల్యాబ్‌లో 7400 సిరీస్ ఐసీలు బ్రెడ్‌బోర్డ్ మీద గుచ్చారు కదా? కాళ్ళు వంకరపోతే ల్యాబ్ అసిస్టెంట్‌తో తిట్లు కూడా తినుంటారు. 1960ల్లో ఆ సిరీస్‌ని తెచ్చింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఆ కంపెనీ మొదట పుట్టింది చిప్పుల కోసం కాదు, చమురు వెతకడం కోసం.

1921లో అమెరికాలోని ఓక్లహామాలో క్లారెన్స్ కార్చర్ అనే ఫిజిసిస్ట్, కొంతమందితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. నేలలో చిన్న డైనమైట్ పేలుస్తారు. ఆ తరంగాలు కిందకి వెళ్ళి, ఒక్కో రాతి పొర దగ్గర కొంత వెనక్కి తిరిగొస్తాయి. ఎంతసేపటికి తిరిగొచ్చాయో పైన పెట్టిన పరికరాలు రాసుకుంటాయి. చిన్నప్పుడు పాడుబడ్డ బావిలోకి తొంగిచూసి అరిచేవాళ్ళం చూడండి, అదే ఐడియా అన్నమాట. ప్రయోగం పనిచేసింది. కానీ సరిగ్గా అప్పుడే చమురు ధర పడిపోయింది, డబ్బు పెట్టేవాళ్ళు ఆగిపోయారు, కార్చర్ తన పాత ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

1930లో కార్చర్, యూజీన్ మెక్‌డెర్మాట్ కలిసి జియోఫిజికల్ సర్వీస్ ఇన్‌కార్పొరేటెడ్, అంటే జీఎస్ఐ పెట్టారు. ఆయిల్ కంపెనీల కోసం నేల కింద ఏముందో చూసిపెట్టే కాంట్రాక్టు కంపెనీ ఇది. అప్పటి సర్వే టీముల్లో పార్టీ చీఫ్ ఉండేవాడు, పేలుడు పెట్టే షూటర్ ఉండేవాడు, పరికరాలు చూసుకునే అబ్జర్వర్ ఉండేవాడు. ఇంకొకడు కూడా ఉండేవాడు. అతని పోస్టు పేరు "కంప్యూటర్". మెషీన్ కాదండీ, మనిషే. కాగితం మీద వచ్చిన వంకర గీతలు చూసి, ఏది నిజమైన ప్రతిధ్వనో ఏరి, టైమ్‌ని లోతుగా మార్చే లెక్కలు చేతితో వేసేవాడు. నన్నడిగితే ఆయిల్ ఫీల్డ్‌లో తొలి డేటా ఎనలిస్ట్ అతనే.

1941 డిసెంబర్ 6న మెక్‌డెర్మాట్, సెసిల్ గ్రీన్, ఎరిక్ జాన్సన్, పీకాక్ అనే నలుగురు జీఎస్ఐని కొనుక్కున్నారు. మర్నాడే పెర్ల్ హార్బర్ మీద దాడి! యుద్ధంలో జలాంతర్గాముల్ని పట్టే పరికరాలు చేసిచ్చారు, దాంతో ఎలక్ట్రానిక్స్ పెద్ద వ్యాపారం అయిపోయింది. 1951కి పేరు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌గా మారింది, జీఎస్ఐ దాని కింద ఒక విభాగంగా మిగిలింది. 1958లో అక్కడే జాక్ కిల్బీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేశాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు.

ఇంకోపక్క అసలు తలనొప్పి అలాగే ఉంది. ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి, గీతలన్నీ గజిబిజిగా వచ్చేవి. 1950ల మొదట్లో ఎంఐటీలో ఎండర్స్ రాబిన్సన్ అనే స్టూడెంట్, వర్ల్‌విండ్ అనే తొలితరం డిజిటల్ కంప్యూటర్ మీద ఆ గజిబిజిని లెక్కలతో విడదీసి చూపించాడు. దాని పేరు డీకన్వల్యూషన్. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో కన్వల్యూషన్ బట్టీ పట్టాం కదా, దేనికో ఎవరూ చెప్పకుండానే? ఇదిగో, దీనికి కూడా. ఆయిల్ కంపెనీలే ఆ రీసెర్చ్‌కి డబ్బులిచ్చాయి. 1960ల్లో రికార్డింగే డిజిటల్ అయిపోయింది, "కంప్యూటర్" అన్న పేరు మనిషి దగ్గర్నుంచి మెషీన్‌కి వెళ్ళిపోయింది.

1985లో ఇదే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైన్ సెంటర్ తెరిచింది. శాటిలైట్ లింక్ పరికరాలు ఎడ్లబండి మీద వచ్చాయని చెప్పుకుంటారు. మన వాళ్ళు బెంగళూరు బస్సెక్కడం వెనక చమురు వేట కూడా కొంత ఉందన్నమాట.

ఇక మన తీరానికి వద్దాం. కోనసీమ వాళ్ళకి ఓఎన్‌జీసీ రిగ్గులు కొత్త కాదు. కాకినాడ ఎదురుగా సముద్రంలో రిలయన్స్‌కి కేజీ-డీ6లో 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు తీస్తామన్నది ప్లాన్. 2010లో 60 దాటింది, తర్వాత పడుతూనే వచ్చింది. అందులో మొదట మొదలైన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. నేల కింద పొరలు అనుకున్నంత సింపుల్‌గా లేవని కంపెనీ అంది, చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఆ గొడవలోకి నేను వెళ్ళను. మనకి కావాల్సింది ఒకటే. ఈ రంగంలో స్క్రీన్ మీద మోడల్ తప్పితే అది యాప్ క్రాష్ అవ్వడం లాంటిది కాదు. ఆ గ్యాస్‌ని నమ్ముకుని ఆంధ్రాలో కట్టిన పవర్ ప్లాంట్లు గ్యాస్ లేక ఖాళీగా కూర్చున్నాయి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క. 1921లో కార్చర్‌కి జరిగిందే 1986లో జరిగింది, 2014 తర్వాత జరిగింది. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉంది, 2016 జనవరికి 30 లోపుకి వచ్చింది. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా చమురు ఫ్యూచర్స్ మైనస్ 37 డాలర్ల దగ్గర ముగిసింది. ధర పడితే ముందు కోత పడేది కొత్త చమురు వెతికే బడ్జెట్‌కే, సీస్మిక్ సాఫ్ట్‌వేర్ టీములు ఉండేది అందులోనే. మీ కోడ్ ఎంత బాగున్నా సరే. పైప్‌లైన్లు, రిఫైనరీల సిస్టమ్స్ చూసే వాళ్ళకి ఆ దెబ్బ కాస్త తక్కువ, ఎందుకంటే ధర ఎంతైనా అవి నడవాలి కదా.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఆఫర్ లెటర్‌లో ప్యాకేజీతో పాటు ఆ టీమ్ ఏ బడ్జెట్ కింద ఉందో కూడా అడగండి. ఓఎన్‌జీసీ గేట్ స్కోరుతో ప్రోగ్రామింగ్ ఆఫీసర్ పోస్టులు కూడా తీస్తూ వచ్చింది, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. వచ్చే ఎపిసోడ్‌లో వర్ల్‌విండ్ మెషీన్ గురించి మాట్లాడుకుందాం.