కోరంగి తీరపు ఇసుక దీవి: ఒక చారిత్రక పరిశీలన

కాకినాడ అఖాతానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుకమేట హోప్ ఐలాండ్. 1978లో ఏర్పడిన కోరంగి వన్యప్రాణి అభయారణ్యంలో ఇది భాగం. 235.70 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యపు మడ అడవులలో నీటికుక్కలు, బావురుపిల్లులు సంచరిస్తాయి. దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. దీనిని గూర్చిన రచనలలో అధికభాగం పర్యాటక వర్ణనలు, లేదా జీవశాస్త్ర నివేదికలు. ఈ దీవి చరిత్రను తీరం నుండి గాక నది ఎగువ నుండి చదవవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

దీవి వయస్సు సుమారు రెండు శతాబ్దాలు మాత్రమే. గౌతమి మొగ వద్ద నది విడిచిన ఇసుకను అలలు, తీరప్రవాహం ఉత్తరానికి నెట్టగా ఇది రూపుదిద్దుకొన్నది. దీని చాటున సముద్రం నెమ్మదించి కాకినాడకు సహజమైన రేవు అమరింది. అదే గోదావరి ఒండ్రు కోరంగి రేవును పూడ్చివేసింది. ఒక రేవును నిలిపినదీ, మరొక రేవును మాపినదీ ఒకే నది.

కోరంగి పతనానికి ఉప్పెనలు కూడా కారణమే. 1789లో ఒకటి, 1839 నవంబరులో మరొకటి ఆ ఊరిని ముంచివేశాయి. 1839 నాటి మృతులు మూడు లక్షలని తరచుగా ఉటంకింపబడే సంఖ్య మాత్రం అంతటి చిన్న రేవుకు పొసగేది కాదు. కలకత్తాలో ఉండి తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్, చుట్టచుట్టుకొన్న పామును తలపించే గ్రీకు మూలం నుండి ‘సైక్లోన్’ అన్న మాటను కల్పించి, 1848లో నావికుల కోసం ప్రచురించిన గ్రంథంలో ప్రయోగించాడు. కోరంగి ఉప్పెన ఆయన చర్చించిన ఉదాహరణలలో ఒకటి. రేవు క్షీణించినా దాని పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగువారందరికీ ‘కోరంగీలు’ అన్న వ్యవహారం స్థిరపడింది. 1930 మే నెలలో రంగూన్ అల్లర్లలో దాడులకు గురైన రేవు కూలీలు ఈ పేరుతో పిలువబడినవారే. ఊరి పేరు జాతి పేరుగా మారిన ఈ అర్థవ్యాప్తి మన నిఘంటుకారుల దృష్టిని మరింతగా ఆకర్షించవలసినది.

ఇక ఎగువకు వస్తే, ఈ వ్యాసకర్త నివసించే రామగుండం ప్రాంతంలో గోదావరి ఇసుకకు వేరొక చరిత్ర ఉన్నది. సింగరేణి భూగర్భ గనులలో బొగ్గు తీసిన తరువాత మిగిలే ఖాళీలు కూలిపోకుండా, నది ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి నింపే పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. సముద్రం వైపు సాగవలసిన ఇసుకలో కొంత ఈ విధంగా గోదావరిఖని నేల అడుగున, కార్మికుల తలలపై ఉన్న కప్పుకు ఆధారంగా నిలిచిపోయింది.

దీవికి కలిగే నష్టాన్ని గనులకు అంటగట్టడం తొందరపాటు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి రామగుండానికి దిగువనే గోదావరిలో కలుస్తాయి, వాటి ఒండ్రు స్వల్పమైనది కాదు. డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురికావడానికి ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం ఒక కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అందువల్ల కోరంగి చరిత్రకారునికి రేవు దస్తావేజులు ఎంత అవసరమో, గనుల ఇసుక లెక్కలూ జలాశయాల పూడిక లెక్కలూ అంతే అవసరం. అభయారణ్యపు సరిహద్దు మాత్రం ఇప్పటికీ మడ అడవుల వద్దనే ఆగుతున్నది.