రెండే రెండు గుళ్లు

1940 ఏప్రిల్ 9. తెల్లవారుజామున నాలుగు దాటింది. నార్వే రాజధాని ఓస్లోకు దక్షిణాన, ద్రోబాక్ జలసంధిలో దీపాలు ఆర్పేసుకుని ఒక పెద్ద ఓడ వస్తోంది. వెనకాల ఇంకొన్ని ఓడలు. అవి ఏ దేశానివో ఆస్కార్స్‌బోర్గ్ కోటలో ఎవరికీ ఖాయంగా తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే అప్పటికి తటస్థ దేశం. ఏం చెయ్యాలో పైనుంచి స్పష్టమైన ఉత్తర్వు లేదు.

కోట అధిపతి కల్నల్ బిర్గెర్ ఎరిక్సెన్‌కు అరవై నాలుగేళ్లు. రిటైర్‌మెంటు దగ్గర పడింది. చేతిలో ఉన్నవి 1893 నాటి మూడు క్రుప్ ఫిరంగులు, అవీ జర్మనీలో తయారైనవే. ఆరోన్, జోషువా, మోజెస్ అని వాటికి బైబిల్ పేర్లు. దించేటప్పుడు సముద్రంలో పడితే, బైబిల్లోని మోజెస్‌లాగే నీళ్లలోంచి పైకి లాగారు కాబట్టి మూడోదానికి మోజెస్ అన్న పేరు వచ్చిందంటారు.

సిపాయిల్లో ఎక్కువమంది వారం కిందట చేరిన కుర్రాళ్లు. ఉన్నవాళ్లు ఒక్క ఫిరంగికే సరిపోతారు. ఎరిక్సెన్ వాళ్లను రెండు ఫిరంగులకు పంచి, చాలనిచోట వంటవాళ్లను నిలబెట్టారు. ఒక్కో గుండు 255 కిలోలు. రెండోసారి నింపేలోగా ఓడ దాటిపోతుంది. అంటే ఫిరంగికి ఒక్క గుండే.

నిబంధన ప్రకారం ముందు హెచ్చరికగా పేల్చాలి. ఆయన ఆ పని చెయ్యలేదు. నాకు పతకమైనా వస్తుంది, కోర్టు మార్షలైనా అవుతుంది, కాల్చండి అన్నారు. ఆ రాత్రి మొత్తంలో అసలు సాహసం ఈ మాటే అని నేననుకుంటాను.

4 గంటల 21 నిమిషాలకు ఆరోన్ పేలింది. వెంటనే మోజెస్. రెండు గుళ్లూ తగిలాయి. డెక్కు మీద పేర్చిన పెట్రోలు, మందుగుండు అంటుకుని ఓడ భగ్గుమంది. అది జర్మన్ క్రూయిజర్ బ్లూషర్. నౌకాదళంలో చేరి ఏడు నెలలైనా నిండలేదు.

జర్మన్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. పక్కనున్న చిన్న దీవిలో కొండను తొలిచి కట్టిన రహస్య టార్పెడో స్థావరం. అక్కడి అధికారి జబ్బుపడి సెలవులో ఉంటే, ఎప్పుడో రిటైరైన ఆండ్రియాస్ ఆండర్సన్‌ను ద్రోబాక్ ఊళ్లోని ఇంటినుంచి పిలిపించారు. నలభై ఏళ్ల నాటి టార్పెడోలు. పేలతాయో లేదో! రెండు సూటిగా తగిలి పేలాయి. రెండు గంటల తర్వాత బ్లూషర్ ఒరిగి, బోల్తాపడి మునిగిపోయింది. వందలమంది చనిపోయారు.

వెనకాల వస్తున్న మిగతా ఓడలు వెనక్కి తిరిగాయి. వాటిలో ఒకదాని పేరు ఎండెన్. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎండెన్ కాదు, దాని పేరు పెట్టుకున్న తర్వాతి ఓడ.

రాజును, ప్రభుత్వాన్ని పట్టుకోవలసిన సైన్యం బ్లూషర్ మీదే ఉంది. ఓడ మునగడంతో దొరికిన ఆ కొద్ది గంటల్లో రాజు హాకోన్, మంత్రులు, పార్లమెంటు సభ్యులు రైలెక్కారు. దాదాపు యాభై టన్నుల బంగారం లారీల్లో ఊరు దాటింది. విమానాల్లో దిగిన సైన్యంతో జర్మన్లు ఆ రోజే ఓస్లోను పట్టుకున్నారు గానీ, లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టే ప్రభుత్వం వాళ్లకు చిక్కలేదు.

బాంబు దాడుల తర్వాత 10వ తేదీన కోట లొంగిపోయింది. దానికి ఎరిక్సెన్‌ను తర్వాత తప్పుపట్టినవాళ్లున్నారు. అది అన్యాయం. చెయ్యవలసిన పని ఆయన అప్పటికే చేసేశారు. దేశం ఆయనకు తన అత్యున్నత యుద్ధ పతకం ఇచ్చింది.

ఆ ఫిరంగులు ఇప్పటికీ కోట ఉన్న దీవి మీదే ఉన్నాయి. ఓస్లో వెళ్లే తెలుగువారు ద్రోబాక్‌లో పడవెక్కి తప్పక చూసి రండి.