విదేశాల్లో భారత సైన్యం: ఖర్చు భరించవలసింది ఎవరు?

వలస పాలనలో భారత సైన్యం అబిసీనియా, ఈజిప్టు, బర్మా వంటి దేశాల్లో యుద్ధాలు చేసింది. ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నను బర్మా యుద్ధం ఆధారంగా, కోనసీమ వైపు నుంచి పరిశీలిద్దాం.

1858 భారత ప్రభుత్వ చట్టంలోని 55వ సెక్షన్ ఒక నియమం విధించింది. దండయాత్రను తిప్పికొట్టడానికో, ఆకస్మిక అత్యవసరానికో తప్ప, సరిహద్దులు దాటిన సైనిక చర్యలకు భారత ఆదాయాన్ని ఖర్చు చేయాలంటే బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభల ఆమోదం కావాలి. ఇందులోని లోపాన్ని గమనించండి. డబ్బు భారతీయులది, ఆమోదించేది వారు ఎన్నుకోని సభ.

1885 నవంబరులో మూడవ బర్మా యుద్ధం మొదలైంది. డిసెంబరులో బొంబాయిలో సమావేశమైన తొలి కాంగ్రెసు ఎగువ బర్మా ఆక్రమణను వ్యతిరేకించింది. ఆక్రమణ తప్పదనుకుంటే బర్మాను భారతదేశం నుంచి వేరుచేసి పాలించాలని కోరింది. అయినా 1886 జనవరి 1న ఎగువ బర్మాను కలుపుకున్నారు. పార్లమెంటు ఆమోదంతో యుద్ధవ్యయం భారత ఖజానాపై పడింది.

దీనికీ అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకూ సంబంధమేమిటి? 1888లో ప్రభుత్వం ఉప్పుపన్నును సుమారు 37 కిలోలకు 2 రూపాయల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచింది. రూపాయి మారకపు విలువ పడిపోవడం ఒక కారణం, బర్మా ఖర్చు మరొకటి. సముద్రం పక్కనే ఉన్నా కోనసీమ కూలి పన్ను కట్టిన ఉప్పునే కొనుక్కోవాలి. భూమి లేనివారు కూడా ఈ భారాన్ని తప్పించుకోలేరు.

గోదావరి తీరం నుంచి ఎందరో రంగూనుకు పనికి వెళ్లారు కదా, బర్మా వల్ల మనకూ మేలు జరగలేదా అని మీరు అడగవచ్చు. బర్మాలో తెలుగువారిని కోరంగి రేవు పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచేవారు. వారికి కూలి దొరికిన మాట నిజమే. కాని యుద్ధాన్ని నిర్ణయించడంలో వారికి గాని, ఇంటి దగ్గర ఉప్పు కొన్నవారికి గాని పాత్ర లేదు.

1895లో నియమించిన వెల్బీ కమిషన్ ముందుకు ఈ వివాదమే వచ్చింది. సామ్రాజ్య ప్రయోజనానికి జరిగే ఖర్చులో బ్రిటన్ న్యాయమైన వాటా భరించాలని కమిషన్ సభ్యుడు దాదాభాయి నౌరోజీ వాదించారు. 1900 నాటి నివేదికలో అధికసంఖ్యాకులు కొద్దిపాటి ఊరటనే సూచించగా, నౌరోజీతో సహా ముగ్గురు విడిగా నివేదిక ఇచ్చారు.

కాబట్టి ఈ వివాదాన్ని జమాఖర్చుల లెక్కగా మాత్రమే చదవకండి. పన్ను కట్టేవారికి యుద్ధంపై మాట చెల్లాలా, వద్దా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.